నాగమాంబ చీరల పెట్టె

ముక్కుతో ఊపిరి పీల్చలేని రాజుగారు ఏలిన రాజ్యం ఒకటుండేది. దాని పేరు సిరిమామిడి. ఆ రాజు పెదవీర భూపతి దేన్నీ చదవకుండానే రాజముద్ర వేసేవాడు. చదవడం గుమాస్తాల పని, ముద్ర వేయడం ప్రభువుల పని అని ఆయన గొప్ప.

రాణి నాగమాంబ చనిపోయిన ఏడాదే ఆయనకు పీనసం పట్టుకుంది. ముక్కు దిబ్బడ, నుదుట పోటు. వాసన పూర్తిగా పోయింది. రాణి చీరలు మాత్రం మొగలిరేకులు వేసిన పెట్టెలో మూడేళ్ళుగా అలాగే ఉన్నాయి. రోజూ సాయంత్రం ఒక చీర తీసి మొహానికి ఆనించుకునేవాడు. ఏమీ తెలిసేది కాదు. అప్పుడాయన కిటికీలోంచి చూస్తుంటే, ఆకాశంలో మబ్బులు కూడా ఆయన కోసం కాసేపు ఆగినట్టుండేది.

ఒకనాడు రాజవైద్యుడు మల్లుభట్టు మీసం సవరించుకుంటూ వచ్చాడు.

"ప్రభూ! నా స్వర్ణనస్యం ముక్కులో వేసుకుని కోటలో నలభైమంది ఏడు రోజుల్లో బాగుపడ్డారు. తమకు పనిచేయలేదంటే అడ్డు ఆ పెట్టెలోనే ఉంది. ఆ చీరల్లోని మొగలి వాసనే రోగానికి మూలం. పున్నమినాడు వాటిని కాల్చి తమరు ఆ పొగ పట్టాలి."

"రాజవైద్యుడి మాట తప్పుతుందా? అలాగే కానీ" అన్నాడు రాజు. చూపు మాత్రం పెట్టె ఉన్న గది వైపే ఉంది.

పక్కనే తాంబూలం పళ్ళెంతో నిలబడ్డ సింగన్న ఒక అడుగు ముందుకు వేశాడు. రాణిగారికీ ఆకులు చుట్టి ఇచ్చిన చెయ్యి అతనిది.

"భట్టుగారూ, చిన్న మనవి. కావలి భటుల్లో ఇరవైమందికి నిన్ననే పడిశం పట్టింది. పున్నమికి ఇంకా పది రోజులుంది. మీ మందు మహిమ కళ్ళారా చూస్తే ప్రభువు ఆ పొగ ధైర్యంగా పీలుస్తారు కదండీ?"

"చూపిస్తానురా, ఆకులు చుట్టేవాడా! ఇరవై బుడ్లూ నువ్వే పట్టుకుపో."

ఆ పూటే సింగన్న ఒక తాటాకు చుట్ట మీద రాజముద్ర వేయించుకున్నాడు. రాజు ఎప్పటిలాగే చదవలేదు.

ఎనిమిదోనాడు భటులు సభలో వరసగా నిలబడ్డారు. ఇద్దరే ఇంకా తుమ్ముతున్నారు.

"ఈ పద్దెనిమిది మందీ నా మందు మహిమే!" అన్నాడు భట్టు. "ఆ ఇద్దరూ పథ్యం తప్పారు."

"తప్పలేదు స్వామీ! పులుసు మొహం చూసి వారమైంది" అన్నాడు వాళ్ళలో ఒకడు, మళ్ళీ తుమ్మి. సభ గొల్లుమంది.

సింగన్న తాటాకు చుట్ట రాజు చేతికిచ్చాడు. "తమ ముద్ర తమరే విప్పి చదవండి ప్రభూ."

తాను ముద్ర వేసినదాన్ని రాజు చదవడం అదే మొదటిసారి. అందులో పది పేర్లు, కింద ఒక ముక్క: 'వీరి బుడ్లలో మందు పారబోసి, ఉత్త నువ్వులనూనె పోయవలెను. ఇది రాజాజ్ఞ.'

"నా ఆజ్ఞేనా?"

"ముద్ర తమదే కదా ప్రభూ."

రాజు ఒక్కొక్క పేరే పిలిచాడు. నూనె వేసుకున్న పదిమందిలో తొమ్మిదిమంది బాగున్నారు. మందు వేసుకున్న పదిమందిలోనూ తొమ్మిదిమందే. భట్టు చెయ్యి మీసం మీదినుంచి జారిపోయింది.

"మామూలు పడిశం వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది ప్రభూ" అన్నాడు సింగన్న. " అప్పుడు చేతిలో ఏ బుడ్డి ఉంటే దానికే పేరు. ఆ నలభైమందీ ఇలా బాగుపడ్డవాళ్ళే అయ్యుండొచ్చు."

"మరి నా ముక్కో?"

"తమది పాత పీనసం. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో కడిగితే కాస్త ఊపిరాడుతుంది. వాసన తిరిగొస్తుందని మాత్రం నేను మాటివ్వలేను. మాటిచ్చినాయన చీరలు కాల్చమంటున్నారు."

రాజు పకపకా నవ్వాడు. "నా ముద్రతోనే నా కళ్ళు తెరిపించావురా!" నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చాలాసేపు ఆగలేదు. వేలి ఉంగరం తీసి సింగన్నకు తొడిగాడు. "ఇక రోజూ సాయంత్రం నువ్వే వాసన చూసి నాకు చెప్పాలి."

ఆ సాయంత్రం సింగన్న ఒక చీరలో మొహం పెట్టాడు. మొగలిరేకులు ఎప్పుడో పొడైపోయాయి. చీరకు పాతగుడ్డ వాసన తప్ప మరేమీ లేదు. పెట్టె దులిపేవాడు తనే కనుక, ఆ సంగతి అతనికి రెండేళ్ళుగా తెలుసు. లేని వాసన రోగమెలా తెస్తుందని ఒక్క మాట అడిగితే భట్టు నోరు ఆనాడే మూతపడేది. ఆ మాట రాజు ముందు అనడానికి అతనికి నోరు రాలేదు.

"చెప్పరా" అన్నాడు రాజు.

"మొగలి, ప్రభూ. కొంచెం పసుపు. అమ్మగారు ఇప్పుడే తలారబెట్టుకుని లేచెళ్ళినట్టుంది."

రాజు కళ్ళు మూసుకున్నాడు. "అవును," అన్నాడు, "అదే."