గురువుగారి కొత్త అడుగు

“నా కాలు నేలకు తగిలిందంటే ఏడూళ్ల అవతల కోళ్లు నిద్ర లేస్తాయి!” అని చెప్పుకునే చెక్కభజన గురువు ఒకాయన కడప దగ్గర ఎర్రబల్లెలో ఉండేవాడు, ఫలానాది తనకు చేతకాదని ఒప్పుకోవడం ఒక్కటే ఆయనకు చేతకాదు. పేరు ఓబులేసు. ఆ గొప్ప మాట కూడా మంచం మీద పడుకునే అనేవాడు. అన్న వెంటనే భార్యను పిలిచి, “గంగులూ, ఆ దిండు కొంచెం ఇట్లా జరుపు, నాకు అందడంల్యా” అనేవాడు.

పడుకోవడానికి కారణం లేకపోలేదు. ఆ మధ్య ఆయనకు కాళ్లు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. కడపలో ఆసుపత్రిలో చేర్చారు. గుండెకు రక్తాన్ని తోసే సత్తువ తగ్గిందని, ఇది మందులు వాడుతూ ఎన్నాళ్లయినా కనిపెట్టుకుని ఉండాల్సిన జబ్బని డాక్టరు షమీమ్ చెప్పింది. మందులు బాగానే పనిచేశాయి. వాపు తీసింది. ఆయాసం తగ్గింది. ఒంట్లో బలం మాత్రం తిరిగి రాలేదు. తొడలు సన్నబడ్డాయి. చెక్కలు తలపైకి ఎత్తితే చేతులు పీకేవి. స్నానం చేసి పంచె కట్టుకునేసరికే పొలం దున్ని వచ్చినంత అలసట వచ్చేది.

ఈ సంగతి డాక్టరుకు తెలుసా? ఎలా తెలుస్తుంది!

“ఎలా ఉన్నారు ఓబులేసుగారూ?” అని వెళ్లినప్పుడల్లా ఆమె అడిగేది.

“బెమ్మాండంగా ఉండానమ్మా!”

“నడుస్తున్నారా?”

“నడిచేదేందమ్మా, దుముకుతాండా!”

ఇంటికి వచ్చి మళ్లీ మంచం ఎక్కేవాడు. గుండెకు జబ్బు చేస్తే ఒళ్లు కదపకూడదని తనకు తానే తీర్మానించుకున్నాడు. పగలంతా పడక, సాయంత్రం పౌరుషం. పొద్దు వాలగానే గజ్జెలు కట్టుకుని భజన మందిరానికి బయలుదేరేవాడు.

చెక్కభజనలో గురువు నడుమ ఆడతాడు. శిష్యులు చేతుల్లో చెక్కలు మోగిస్తూ చుట్టూ తిరుగుతారు. వాళ్ల చూపంతా గురువు కాళ్ల మీదే. ఎందుకని అడగరు. ఆయన కాలు ఎటు పడితే వాళ్ల కాలూ అటే పడుతుంది. అదే వాళ్ల చదువు. మరి ఆడలేని గురువుకు నడుమ చోటెందుకు? పక్కకు జరగమంటారు. జరిగితే తనకింకేం మిగులుతుంది? మంచమూ, దిండూ. ఓబులేసు భయమంతా అదే.

ఒక సాయంత్రం ఆటలో కూర్చుని లేచే అడుగు వచ్చింది. ఓబులేసు కూర్చోవడమైతే కూర్చున్నాడు. లేవబోతే తొడలు వణికాయి. ఎడమ చెయ్యి మోకాలి మీద ఆనించాడు. ఒళ్లంతా ఒక పక్కకు ఒరిగించాడు. అట్లాగే కాసేపు ఆగి, “హా!” అంటూ వంకరగా లేచాడు. లేచి చూస్తే ఏముంది! చుట్టూ ఉన్న పడుచువాళ్లంతా మోకాలి మీద చెయ్యి వేసి, పక్కకు ఒరిగి, కాసేపు ఆగి, ఒక్క గొంతుతో “హా!” అని వంకరగా లేచారు.

“గురువా, ఈ అడుగు ఎప్పుడూ చూపియ్యల్యా. పేరేంది?” అని అడిగాడు బాలగుర్రప్ప. జట్టులో అందరికంటే చురుకైన శిష్యుడు అతనే.

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తీరా నోరు తెరిస్తే వేరేది బయటపడింది.

“ఒంటె అడుగు” అన్నాడు ఓబులేసు.

“ఒంటె అడుగా?”

“ఒంటె పైకి లేచేది ఎప్పుడన్నా చూసినావా?”

“ల్యా గురువా.”

“చూడనోనికి ఏం తెలుస్తాది? ఊఁ, వెయ్ అడుగు!”

మరుసటి రోజు చెక్కలు తలపైకి ఎత్తలేక రొమ్ము దగ్గరే మోగించాడు. అందరూ రొమ్ము దగ్గరే మోగించారు. ఇంకోరోజు ఊపిరి అందక మందిరం స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. శిష్యులకు స్తంభాలు చాలలేదు. ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. చూస్తుండగానే ఆ జట్టు ఆట మారిపోయింది. బస్తాలు మోసే కుర్రాళ్లు మంచం దిగిన రోగుల్లాగా ఆడసాగారు, అదీ ఎంతో శ్రద్ధగా.

“ఏమయ్యా, నీ పిల్లకాయలు ఆడతాంటే ఆసుపత్రి వరండా చూసినట్టుండాది” అంది గంగులమ్మ. “కాళ్లలో సత్తువ ల్యాదని ఆ డాక్టరమ్మకు చెప్పగూడదా?”

“ఆమె గుండె డాక్టరు. కాళ్లతో ఆమెకేం పని?”

“గుండె ఒకరిది, కాళ్లు ఇంకొకరివా?”

“నువ్వు గమ్మునుండు” అని ఓబులేసు అటు తిరిగి పడుకున్నాడు.

ఇంతలో పక్క మండలంలో తిరునాళ్ల వచ్చింది. అక్కడ చెక్కభజన పోటీ పెట్టారు. కిందటేడు ఎర్రబల్లె జట్టు అక్కడే కొద్దిలో ఓడిపోయింది. ఈసారైనా గెలవాలని కుర్రాళ్లు పనులు మానుకుని సాధన చేశారు. బయలుదేరే ముందు బాలగుర్రప్ప గురువు దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు.

“గురువా, శానా అలసిపోతాండావు. నువ్వు కుర్చీలో కూచోని చెప్పు. ఈ ఒక్కసారికి నడుమ నేను ఆడతా.”

ఓబులేసుకు భగ్గుమంది. “ఏమిరా, అప్పుడే నా చోటు మీద కన్ను పడిందా?”

బాలగుర్రప్ప ముఖం చిన్నబోయింది. వెళ్లి గజ్జెలు కట్టుకున్నాడు.

పోటీ మొదలైంది. పాట అందుకున్నారు. ఓబులేసు పళ్లు బిగబట్టి ఆడాడు. కాసేపు బాగానే సాగింది. ఆ తర్వాత కూర్చుని లేచే అడుగు వచ్చింది. ఓబులేసు కూర్చున్నాడు. శిష్యులూ కూర్చున్నారు. ఓబులేసు మోకాలి మీద చెయ్యి వేశాడు. శిష్యులూ వేశారు. ఓబులేసు పక్కకు ఒరిగాడు. శిష్యులూ ఒరిగారు. ఓబులేసు లేవబోయాడు. లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. తొడలు గాలిలో ఆకుల్లా వణికాయి గానీ ఒళ్లు నేల వదల్లేదు.

గురువు లేవకుండా శిష్యులు లేస్తారా? అందరూ అట్లాగే గొంతుక్కూర్చున్నారు. హార్మోనియం ఆయన ఇదేదో కొత్త ఏర్పాటనుకుని ఆ చరణాన్నే తిప్పి తిప్పి పాడాడు. జనంలో నవ్వులు లేచాయి.

“పాపం, ఇంత చిన్న వయసుకే కీళ్లనొప్పులంట!” అన్నాడొకడు.

“ఒరే, ఆకులు తేండ్రా! అందరూ బంతికి కూచున్నారు!” అని అరిచాడు ఇంకొకడు.

“గురువా, ఇంకా ఎంతసేపు? మోకాళ్లు పోతాండాయి” అని గొణిగాడు బాలగుర్రప్ప.

ఓబులేసు చుట్టూ చూశాడు. కుర్రాళ్ల ముఖాలు ఎర్రబడ్డాయి. చెమట ధారలుగా కారుతోంది. జనమంతా నవ్వుతున్నా ఒక్కడూ లేవలేదు. గురువు ఏం చేసినా దానికో అర్థం ఉంటుందని నమ్ముతూ, కళ్లార్పకుండా ఆయన కాళ్లనే చూస్తున్నారు. ఆ చూపులు ఓబులేసుకు ఆ నవ్వులకంటే ఎక్కువ తగిలాయి.

“లెయ్యండ్రా” అన్నాడు.

“నువ్వు లేచినాక, గురువా.”

“నేను లేవలేనురా. ఇది ఒంటె అడుగూ కాదు, గాడిద అడుగూ కాదు. నా కాళ్లలో బలం ల్యాదు. ఎప్పట్నుంచో ల్యాదు.”

చెక్కలు ఆగిపోయాయి. బాలగుర్రప్ప లేచి వచ్చి ఆయన చంకల కింద చేతులు వేసి పైకి ఎత్తాడు. పోటీ పోయింది.

ఆటోలో తిరిగి వస్తుంటే బాలగుర్రప్ప ఒక్క మాటే అన్నాడు. “బలం ల్యాదంటే నిన్ను వదిలేసి పోతామనుకున్న్యావా, గురువా?”

ఈసారి ఆసుపత్రికి గంగులమ్మ, బాలగుర్రప్ప కూడా వెళ్లారు. జరిగిందంతా గంగులమ్మే చెప్పింది. డాక్టరు షమీమ్ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమంది. లేవలేకపోయాడు. ఆయన తొడ కండలు ఒత్తి చూసింది.

“గుండె బలం చాలాకాలం తగ్గి ఉంటే ఆ దెబ్బ కండలకూ తగులుతుంది, ఓబులేసుగారూ. అవి సన్నబడతాయి, తొందరగా అలసిపోతాయి. పైగా మీరు పగలంతా పడుకుని, ఉన్న కాస్త కండనూ కరగబెట్టుకున్నారు. ఇది బద్ధకం కాదు, పిరికితనమూ కాదు. జబ్బులో భాగం.”

“ఆసుపత్రిలో ఉన్నెప్పుడు మీరే పండుకోమంటిరి గదమ్మా?”

“అప్పుడు ఒళ్లంతా వాచి ఉంది. తర్వాత వచ్చినప్పుడల్లా ‘నడుస్తున్నారా’ అని అడిగాను. ‘దుముకుతాండా’ అన్నారు. దూకేవాడికి నడక ఎలా నేర్పేది?”

డాక్టరు ఆయనకు గుండె పరీక్షలు మళ్లీ చేయించింది, మందులు సరిచూసింది, ఆసుపత్రిలో కసరత్తు నేర్పేవాళ్లకు అప్పగించింది. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, మెల్లగా నడవడం. ఇంటి దగ్గర నడకకు ఒక గుర్తు కూడా చెప్పారు. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట కూడా రాకపోతే నడక ఎక్కువైనట్టు. హాయిగా పాట పాడగలిగితే మరీ తక్కువైనట్టు. ఛాతీ నొప్పి గానీ, కళ్లు తిరగడం గానీ వస్తే అక్కడే ఆగి, వెంటనే ఆసుపత్రికి రావాలి.

భజన గురువుకు పాడొద్దని చెబితే నోరు ఊరుకుంటుందా? రోజూ ఉదయం శిష్యుల్లో ఎవరో ఒకరు వెంట నడిచేవారు. “గురువా, పాడతాండావే! కాలు కొంచెం వడిగా వెయ్” అని ఆటపట్టించేవారు. సాయంత్రం మందిరంలో బాలగుర్రప్ప నడుమ ఆడేవాడు. ఓబులేసు కుర్చీలో కూర్చుని తాళం చెప్పేవాడు. పక్కకు జరగమని ఎవరూ అనలేదు సరికదా, అడుగు తడబడిన ప్రతివాడూ ముందు ఆ కుర్చీ వైపే చూసేవాడు.

నెలలు గడిచాయి. ఓబులేసు పాత ఓబులేసు కాలేదు. అది అలా పోయే జబ్బు కాదు. కానీ కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా లేవసాగాడు. వీధి చివరిదాకా నడిచి రాసాగాడు. పగలు మంచం ఖాళీగా ఉండసాగింది.

ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరు, “ఇంకా ఏమైనా ఇబ్బంది ఉందా?” అని అడిగింది.

ఓబులేసు గోడ వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. బాలగుర్రప్ప వైపు చూసి, “నువ్వు కొంచెం బయటికి పో” అన్నాడు. మళ్లీ ఏమనుకున్నాడో, “వద్దులే, ఉండు” అన్నాడు.

“ఒకటుందమ్మా. దొడ్డికి పోయి కూచుంటే లేవలేకపోతాండా. శ్రీరామనవమి నాడు పందిట్లో అందరూ నాకోసం చూస్తాంటే, ‘ఆయన ధ్యానంలో ఉండాడు’ అని ఈమె చెప్పింది. నేను ఉండేది ధ్యానంలో కాదు, మరుగుదొడ్లో. కూచున్నోణ్ణి కూచున్నట్టే. పిలిస్తే పరువు పోతాదని నోరు మూసుకున్న్యా. ఈమె వెతుక్కుంటా వచ్చి, రెండు చేతులూ పట్టి లాగితేగాని బయటపడల్యా.”

బాలగుర్రప్ప నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. డాక్టరు నవ్వలేదు.

“ఈ మాట ముందే చెప్పి ఉంటే, ఎత్తు పీట వేయించి, గోడకు ఒక కడ్డీ బిగించమని ఆనాడే చెప్పేదాన్ని కదా!” అంది.

చేతకానిదాన్ని దాచుకునేవాడికి అది పెరుగుతూనే పోతుంది. సాయం చేయగలవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పుకున్నవాడికే దారి దొరుకుతుంది.