రవ్వలరాయుడి కాశీయాత్ర

ఏటికి అవతలి గట్టున నిప్పులకోన ఉండేది. అందులో రెక్కల పాములు కాపురం ఉండేవి. నాలుగు కాళ్లు, ఒళ్లంతా పొలుసులు, ఆవలిస్తే నోట్లోంచి మంట. ఇప్పటి పిల్లలు వాటిని డ్రాగన్లంటారు, మనమూ అలాగే అందాం. ఇవతలి గట్టు అడవిని ముంగిసలు ఏలేవి. డ్రాగన్లకు ఈ లోకంలో భయమంటూ ఉంటే ఒక్క ముంగిసలంటేనే. బొరియల్లో దూరి గుడ్లు పగలగొట్టగలిగేవి అవే మరి.

ఈ భయం తీరాలంటే ముంగిసలతో వియ్యమందాలని డ్రాగన్ల రాజు రవ్వలరాయుడు తేల్చుకున్నాడు. వియ్యాలవారి ఇంటి మీద ముంగిసలు దాడి చెయ్యవు, అది వాళ్ల కట్టుబాటు. పిల్లను అడిగితే ఇవ్వరని ఆయనకు తెలుసు. అందుకని ఏట్లో నీళ్లు తాగుతున్న ముంగిస రాకుమారి కేతకిని పట్టపగలు ఎత్తుకుపోయి రాతి పంజరంలో పెట్టాడు. మూడో రోజు పెళ్లన్నాడు. ముంగిస అన్నది ఏరు దాటి కోనకు వచ్చినా, ఆడపెళ్లివారి తరఫున ఎవరు నోరు విప్పినా బూడిద చేస్తానని మంట ముందు మూడుసార్లు చెప్పి దండోరా వేయించాడు. మంట ముందు మూడుసార్లు అన్న మాట తప్పిన డ్రాగన్‌కు కడుపులో నిప్పు ఆరిపోతుంది. నిప్పు లేని డ్రాగన్ అంటే పెద్ద సైజు తొండ, అంతకుమించి ఏమీ కాదు.

కేతకి పంజరం కమ్మీలు కొరికింది. పన్ను విరిగింది గానీ రాయి విరగలేదు. ఏడుపొస్తే మింగేసింది, వీళ్ల ముందు కన్నీళ్లు పెట్టడం నామోషీ అనుకుంది. ఆ తరువాత కుదురుగా కూర్చుని కోన సంగతులు చూడసాగింది. రాజుగారి భోజనం అక్కణ్ణుంచి బాగా కనిపించేది. రవ్వలరాయుడు ప్రతిపూటా "నాకొద్దు" అని పళ్లెం నెట్టేసి, నాలుగడుగులు బయటికి నడిచేవాడు. సేవకులు వెంటపడి గడ్డం పట్టుకుని బతిమాలితే అప్పుడు తిరిగొచ్చి, రెండు పళ్లేలు తినేవాడు.

రెండో రోజు మంత్రి తియ్యన్న అనే నక్క పట్టుచీర తీసుకుని వచ్చాడు.

"మొండితనం దేనికమ్మాయీ? రేపట్నుంచి రాణివి."

"రాకుమారిగానే పుట్టాను. నా గొప్పకు మీ రాజు అక్కర్లేదు."

"కట్టేసి పీటల మీద కూర్చోబెడతాం మరి."

"కూర్చోబెట్టండి. అలాంటిదాన్ని మా వాళ్లు పెళ్లనరు. పెళ్లి కాకపోతే వియ్యం లేదు. మీ గుడ్ల సంగతి మీరే చూసుకోండి."

నక్క తోక ఆడించడం ఆపాడు. "ఏం చెయ్యమంటావు?"

"తంతులన్నీ జరగాలి, ఒక్కటీ తగ్గకూడదు. చిప్పయ్య తాత చేత చేయించాలి."

"కన్యాదానం ఎవరు చేస్తారు? మీ నాన్న రాలేడుగా."

"నన్ను నేనే ఇచ్చుకుంటాను. ఆ హక్కు నాకు తప్ప ఎవరికుంది?"

పెద్ద చిక్కు తీరిపోయిందని నక్క సంబరపడ్డాడు. ఆ సంబరంలో ఇంకేమైనా చిక్కులున్నాయేమో అడగలేదు.

చిప్పయ్య రెండు గట్లవాళ్లకూ పెళ్లిళ్లు చేసే ముసలి తాబేలు. రాజుగారి ముందు కూర్చుని తంతులన్నీ నిదానంగా చదివాడు. కాశీయాత్ర దగ్గరికొచ్చేసరికి రాయుడు మెడ ఎత్తాడు.

"అదేమిటి?"

"తమరు గొడుగు వేసుకుని, అగ్ని ముందు 'నాకీ పెళ్లి వద్దు, కాశీకి పోతున్నా' అని మూడుసార్లు చెప్పి వెళ్లిపోవాలి. ఆడపెళ్లివారు బెల్లంముక్క పట్టుకుని వెంటపడి, గడ్డం పట్టుకుని బతిమాలి వెనక్కి పిలుస్తారు. ఆ పిలుపుతో తమరి మాట రద్దవుతుంది."

"అందరి ముందూ బతిమాలతారా?"

"అందరి ముందూ."

"అయితే అది తప్పకుండా పెట్టండి," అన్నాడు రాయుడు. బతిమాలడమన్న మాట విన్నాక ఆయన చెవికి మరేదీ ఎక్కలేదు.

మూడో రోజు ఉదయం కేతకి పందిట్లోకి తల ఎత్తుకుని వచ్చి కూర్చుంది. రాయుడు నాలుగు కాళ్లకూ నాలుగు పావుకోళ్లు తొడిగి, గొడుగు వేసుకుని, అగ్ని ముందు కోన మారుమోగేలా ఆ మాట మూడుసార్లూ అన్నాడు. అని, కాశీ దారి పట్టాడు.

పదడుగులు వేశాడు. వెనక ఎవరూ రాలేదు. అడుగు చిన్నది చేసి, గొంతు సవరించుకున్నాడు. పావుకోళ్ల టకటక తప్ప చప్పుడు లేదు.

"తియ్యన్నా, పిలవరేం?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"పిలవాల్సింది ఆడపెళ్లివారు ప్రభూ."

"అయితే వాళ్ల తరఫున నువ్వు పిలువు."

"పిలిస్తే తమరు నన్ను బూడిద చెయ్యాలి. ఆ దండోరా నేనే వేయించాను," అంటూ నక్క జనంలోకి జారుకున్నాడు.

"చెయ్యనులేరా."

"చెయ్యకపోతే తమరి నిప్పు ఆరిపోతుంది," అన్నాడు చిప్పయ్య వినయంగా. "పిలుపు లేకుండా వెనక్కి తిరిగినా అంతే."

కేతకి పీట మీంచి లేచింది.

"నావాళ్లు లేకపోతే నేను లొంగుతాననుకున్నావు. వాళ్లు లేకపోబట్టే ఇప్పుడు నిన్ను పిలిచే దిక్కు లేదు. పెళ్లి వద్దన్నది నువ్వు, విన్నది నీ కోన అంతా. నేను వెళ్తున్నా."

డ్రాగన్లు మొహమొహాలు చూసుకుని దారి ఇచ్చాయి. రాజు మాటను కాదంటే తమ కట్టుబాటే పోతుంది. పరుగెత్తాలని కాళ్లు తొందరపెడుతున్నా కేతకి నడిచే వెళ్లింది. రాకుమార్తెలు పారిపోరు, ఇంటికి తిరిగి వెళ్తారంతే.

ఏటి ఇవతల ఆమె తమ్ముడు మూడు రోజులుగా కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆమె కనబడగానే గొంతెత్తి పిలిచాడు.

"ఇంటికి రా!"

కాశీ దారిలో రాయుడు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపి, గొడుగు కింద నుంచి ఆశగా మెడ సాచాడు.

"అక్కా, త్వరగా రా, అమ్మ ఎదురుచూస్తోంది," అన్నాడు తమ్ముడు.

రాయుడు కాలు దించి మళ్లీ నడక సాగించాడు. కాశీ ఇంకా చాలా దూరం.

నీతి: ఒకరి మనుషుల్ని దగ్గరికి రానివ్వనివాడికి, తనకు అవసరం పడ్డనాడు రమ్మని పిలిచే గొంతు ఉండదు.