కాయ పట్టని ఉసిరితోట

చెన్నకేశవయ్య గారు చెట్లకు అంట్లు కట్టే విద్య నేర్పేవారు. అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు మాత్రం ఆయనకు లేదు. ఒకనాడు శిష్యుడు ఓబులపతి, "అయ్యా, అన్నిటికన్నా మేలైన చెట్టు దొరికాక తక్కినవన్నీ ఎందుకు? దాని కొమ్మలే అంటు కట్టుకుంటూ పోతే సరిపోదా?" అన్నాడు. ఆయన కత్తి తుడిచి పక్కన పెట్టి, "గంగన్న తోట దాకా పోయొద్దాం, రా" అన్నారు.

గంగన్న తాతనాటి ఉసిరిచెట్టు ఒకటి నిమ్మకాయలంత కాయలు కాసేది. ఆ ఒక్క చెట్టు కొమ్మలే అంటు కట్టి తోటంతా నింపాడు. ఏటా విరగకాసింది. గట్టు మీద అడవి ఉసిర్లు కొన్ని ఉండేవి. చిన్న కాయ, ఒకటే వగరు. పోయిన కార్తీకం దాటగానే వాటిని నరికించి, అక్కడా తన అంట్లే నాటాడు. ఉసిరిచెట్టు మీద గొడ్డలి పెట్టకూడదని భార్య సుంకులమ్మ మొత్తుకుంది. "చాల్లే నీ చాదస్తం! వగరు కాయలకు కాపలా కాయమంటావా?" అన్నాడు.

ఈ ఏడు పూత కొమ్మ కనబడకుండా వచ్చింది. ఉసిరి పిందె ఎండాకాలమంతా కంటికి ఆనదు, వానలు పడ్డాకే బయటపడుతుంది. వానలు పడ్డాయి. గంగన్న కొమ్మ కొమ్మా వంచి చూశాడు. ఒక్క పిందె లేదు. ఇక భయంతో తోటలోకి పోవడమే మానేశాడు. ఇంట్లో కూతురు రామక్క నిండు నెలలతో ఉంది మరి. ఆస్తి చెయ్యి జారకూడదని పిల్లను మేనమామకే ఇచ్చారు. సుంకులమ్మనూ అంతే, ఆమె తల్లినీ అంతే. రామక్కకు ముందు రెండు కాన్పులూ దక్కలేదు.

గురువుగారు గుమ్మంలో అడుగుపెట్టగానే సుంకులమ్మ కాళ్ళ మీద పడింది. "చెట్టు ఉసురు తగిలింది సామీ! తోట గొడ్డుపోయింది, ఇంక నా బిడ్డ కడుపు మీదికొస్తాది. ఏ శాంతి సేయమన్నా సేస్తాం!"

"ఉసురూ లేదు, శాపమూ లేదు, లేమ్మా" అన్నారు ఆయన. "గంగన్నా, పై ఏడు పూత వేళకు కొండ మీది అడవి ఉసిరి పూలకొమ్మలు తెచ్చి, నీళ్ళకుండల్లో పెట్టి చెట్ల నడుమ ఉంచు. గట్టు మీద ఆ మొక్కలే మళ్ళీ నాటు. కాస్తుంది."

"శాపం గాదు గదా సామీ! మరి నా చెట్లకేం లోటు?"

"పూత అంటే పెళ్ళే కదా. నీ పందిట్లో పెళ్ళికొడుకూ, పెళ్ళికూతురూ, చుట్టపక్కాలూ అందరూ ఆ ఒక్క చెట్టే."

గంగన్న ఊపిరి పీల్చుకుని నవ్వాడు. సుంకులమ్మ నవ్వలేదు. లోపలి నుంచి రామక్క గొంతు సన్నగా వినిపించింది.

"మరి మా ఇంట్లోనో సామీ?"

గంగన్న నవ్వు ఆగిపోయింది.   ఓబులపతి తాను అడిగిన ప్రశ్న గుర్తొచ్చి తల దించుకున్నాడు.

"బండి కట్టు గంగన్నా, ఈ పూటే పెద్దాసుపత్రికి పోదాం" అన్నారు గురువుగారు. తరువాత తలుపు వైపు తిరిగి, "పుట్టే బిడ్డకు పెళ్ళీడు వచ్చినప్పుడు మాత్రం తల్లీ, కొండ అవతల సంబంధం చూడు" అన్నారు.