కయనైట్ మీద కత్తిగీత

ముందు మీరేం చూశారో చెప్పండి. మైకా షెడ్డు గుమ్మంలో, పనివాళ్ళందరూ చూస్తుండగా, వెంగమ్మ యజమాని ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "తప్పయిపోయింది, సమ్మె మాట ఇంకెత్తను" అంది. ఏం చూశారు? నీళ్ళు నమలకుండా చెప్పండి. పిరికితనం అంటారు, అంతేగా? షెడ్డులో అభ్రకం రేకులు చీల్చే ఆడవాళ్ళందరూ అదే అన్నారు. ఆ సాయంత్రమే కార్మిక సంఘం సభ పెట్టి ఆమె పేరు కొట్టేయాలని కూడా అనుకున్నారు. పేరు పోయిన మనిషి పక్కన ఆ షెడ్డులో ఎవరూ కూర్చోరు, పని అందించరు, పలకరించరు. వెంగమ్మకు అక్కడ తప్ప ఇంకెక్కడా కూడు లేదు.

గూడూరు వైపు ఆ గనుల్లో మస్తానయ్య అని ఒకాయన ఉండేవాడు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ లోపల రాయి కొట్టాడు. ఊపిరితిత్తుల నిండా దుమ్ము చేరాక పైకొచ్చి, సంఘంలో చేరిన కుర్రవాళ్ళకు పాఠాలు చెప్పేవాడు. పాఠమంటే ఉపన్యాసం కాదు. ప్రశ్న అడిగినవాళ్ళ చేతిలో ఏదో ఒక వస్తువు పెట్టి ఊరుకునేవాడు. ఆ అలవాటుకు మాలో చాలామందికి ఒళ్ళు మండేది.

ఆ మధ్యాహ్నం అన్నాల వేళ తిరుపాలమ్మ వచ్చి ఆయన ముందు కూర్చుంది. ఆయన శిష్యుల్లో అందరికంటే చురుకైన పిల్ల, కొత్తగా సంఘం కార్యదర్శి అయింది. వెంగమ్మను తీసేయాలన్న మాట సభలో ఎత్తాల్సింది ఆమే.

"తాతా, మనిషి గట్టిదో మెత్తదో ఎట్టా కనుక్కోవాల?" అని అడిగింది.

మస్తానయ్య కాసేపు దగ్గి, చొక్కా జేబులోంచి చిన్న గుడ్డమూట తీసి విప్పాడు. అందులో వేలెడు పొడవున నీలిరాయి, చాకుబద్దలా బల్లపరుపుగా ఉంది. నడిమిన చిక్కటి సిరా రంగు, అంచులకు వచ్చేసరికి ఆ సిరాలో నీళ్ళు పోసినట్టు పలచన. అన్నం ముద్దలు వదిలేసి ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఎండకు పట్టి ఒకవైపు తిప్పితే నీలం కమ్ముకొచ్చింది. ఇంకోవైపు తిప్పితే రంగు వెలిసి దాదాపు తెల్లబోయింది. ఒకే రాయి అంటే నమ్మబుద్ధి కాలేదు.

"అవ్వకు ముక్కుపుడక చేయించకపోయినావా తాతా?" అంది ఒకామె.

"చేయిస్తే తుమ్మినప్పుడల్లా ముక్కలు ఏరుకోవాలని చేయించలా. దీన్ని కయనైట్ అంటారు. గట్టిదో మెత్తదో మీరే చెప్పండి."

తిరుపాలమ్మ నడుముకు దోపుకున్న చీల్చే కత్తి తీసి రాయి మీద గీసింది. తెల్లటి గీత పడింది. పక్కామె గీసింది, పడింది. ఆ పక్కామెకూ, మిగతావాళ్ళకూ పడింది.

"ఇది రాయి కాదు తాతా, సుద్దముక్క" అని నవ్వింది తిరుపాలమ్మ.

"అందరి మాటా అదేనా?"

"అదే" అన్నారందరూ.

మస్తానయ్య తిరుపాలమ్మ మణికట్టు పట్టుకుని అడ్డంగా తిప్పాడు. "ఇప్పుడు గియ్యి మే."

కత్తి జారింది. మళ్ళీ గీసింది, బలంగా, పళ్ళు బిగించి. ఈసారి రాయి మీద బూడిదరంగు గీత కనిపించింది. "పడింది!" అంది. ఆయన బొటనవేలితో తుడిచాడు. గీత పోయింది. రాయి నున్నగా ఉంది. అరిగింది కత్తి ఇనుము.

రేకు చీల్చే చెయ్యి ఎప్పుడూ పొరవెంటే పోతుంది. మైకాను అడ్డంగా కోస్తే సరుకు పాడు. అందుకే అంతమందీ, ఎవరికి వారే, నిలువుగానే గీశారు. అంతమంది కత్తులూ చేసింది ఒక్క పరీక్షే.

"సానపట్టేవాళ్ళు దీన్ని చూస్తే దణ్ణం పెట్టి పక్కకు పోతారు" అన్నాడు మస్తానయ్య. "ఒక పక్క అరుగుతుంది, ఇంకో పక్క అరగదు, పట్టు తప్పితే పుల్లలు పుల్లలుగా విడిపోతుంది. ఇంత తేటది దొరకడమే అరుదు. రాళ్ళు పోగుచేసే పిచ్చి ఉన్నాయన ఒకడు మద్రాసు నుంచి వచ్చినాడు దీనికోసం. ముందు కత్తి అడిగినాడు, తర్వాతే రాయి. నిలువుగా గీసినాడు, అడ్డంగా గీసినాడు, పసిబిడ్డ మాదిరి నవ్వినాడు. నాకు ఇయ్యబుద్ధి కాలా."

తిరుపాలమ్మకు కోపం వచ్చింది. "రాయి సంగతి సరే. వంగినోళ్ళందరినీ నెత్తిన పెట్టుకోమంటావా?"

"నేనట్టా అన్నానా? వెంగమ్మ ఎప్పుడు వంగింది?"

"యజమాని మన లైను ఇళ్ళకు నీళ్ళు ఆపేసినాక. మంచాన ఉన్న అత్త గొంతెండి అల్లాడిపోతాందని."

"మరి పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టి, సమ్మె చేయించిందెవరో చెప్పమన్నప్పుడు వంగిందా?"

తిరుపాలమ్మ తల దించుకుంది. ఆ పేరు తనదే. దెబ్బలు తిని కూడా వెంగమ్మ ఆ పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ పిల్ల జైల్లో ఉండేది, కార్యదర్శి కుర్చీలో కాదు. ఆ సంగతి షెడ్డులో సగంమందికి తెలియదు. తెలిసినవాళ్ళు మరిచిపోయారు.

రాయి అడిగి తీసుకుని తిరుపాలమ్మ ఆ సాయంత్రం సభకు వెళ్ళింది. పేరు కొట్టేయాలన్న మాట ముందు ఎత్తలేదు. స్టేషన్లో జరిగింది మొదటినుంచీ చివరిదాకా చెప్పి, "ఇప్పుడు కూడా తీసేయాలనేవాళ్ళు చేతులెత్తండి" అంది. ఇద్దరు ముగ్గురు విసురుగా లేచి వెళ్ళిపోయారు. ఒకామె, "రేపు అందరం పోయి దొర కాళ్ళు పట్టుకుందాం, అదీ ఒప్పే అందువు గాని" అని దెప్పింది. చేతులు మాత్రం లేవలేదు. వెనక గోడవారగా కూర్చున్న వెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు తిరుపాలమ్మ రాయి తిరిగి ఇచ్చింది. ఇస్తూ, "మరి నేనెట్టాటిదాన్ని తాతా?" అంది.

మస్తానయ్య రాయిని గుడ్డలో చుట్టి జేబులో వేసుకున్నాడు.

"నిన్నింకా ఒక పక్కే గీసినారు మే."

మరి మిమ్మల్ని ఇంతవరకూ ఎటు గీశారు?