నక్కకి ఏనుగు మందు

చిరుతలకోన అడవిలో కొంగ డాక్టరమ్మ క్యాన్సర్ ఆసుపత్రి పెట్టింది. ఎవరికి గడ్డ లేచినా, పొడుగు ముక్కుతో అందులోంచి ఆవగింజంత ముక్క తీసి యంత్రంలో వేసేది. ఆ గడ్డ ఏ రకమో, అలాంటిదానికి ఇదివరకు ఎవరికి ఏ మందు పనిచేసిందో యంత్రం చెప్పేది. దాన్నిబట్టి ఎవరి మందు వాళ్ళకి.

నక్క పానకాలుకి దవడ కింద గడ్డ లేచింది. వాళ్ళ బాబాయి అలాంటి గడ్డతోనే పోయాడు. లోపల బెంగ, పైకి మాత్రం మీసం దువ్వుకుంటూ వచ్చి చేరాడు. పక్క మంచం ఏనుగు వీరమ్మది. ఆమెకి గంగాళం నిండా మందొచ్చింది. పానకాలుకి రెండే రెండు చుక్కలు.

"ఇదేంటమ్మా, చప్పరించేలోపే అయిపోయింది," అన్నాడు.

"నీ గడ్డకి అదే సరి. ఎక్కువ తాగినంత మాత్రాన ఎక్కువ తగ్గదు," అంది కొంగ.

పానకాలు నమ్మలేదు. ఒళ్ళున్నవాళ్ళకి గంగాళాలు, మనకి చుక్కలూనా అని ఉడికిపోయాడు. మధ్యాహ్నం వీరమ్మ గుర్రుపెడుతుంటే ఆమె మెడలో పేరూ మందూ రాసి కట్టిన చీటీ తను వేసుకుని, తన చీటీ ఆమె చెవికి తగిలించాడు.

సాయంత్రం నర్సు కోతి సింహాద్రి వచ్చాడు. ముందు వీరమ్మ పని చూసుకుని, పానకాలు మెడలో చీటీ యంత్రానికి చూపించాడు.

"ఏనుగు వీరమ్మ, వయసు నలభై ఆరు," అని చదివి, కిందా మీదా చూశాడు. "బాగా చిక్కిపోయారు వీరమ్మగారూ."

"జబ్బు కదా నాయనా," అన్నాడు పానకాలు, గొంతు బొంగురు చేసి.

"ముందు తొండం కడగాలట. ఏదీ తొండం?"

పానకాలు కాస్త ఆలోచించి ముక్కు చాపాడు. సింహాద్రి దాన్ని పట్టుకు సాగదీసి, పీచుతో కసకసా తోమి, రెండు బిందెలు గుమ్మరించాడు. తర్వాత గంగాళం వచ్చింది.

మూడో గుక్కకి కడుపు డోలయింది. అయిదో గుక్కకి తోక మీద బొచ్చు రాలడం మొదలైంది.

"చాలు నాయనా," అన్నాడు పానకాలు.

"ఇంకా ముప్పాతిక గంగాళం ఉంది. మీ ఒంటికి ఇదెంత," అని సింహాద్రి గరాటు పెట్టాడు.

"నేను వీరమ్మని కాదు, నక్కని."

"జ్వరంలో అలాగే అనిపిస్తుందండీ. యంత్రం అబద్ధం చెప్పదు."

అప్పటికి వీరమ్మ పూర్తిగా మేలుకుంది. "డాక్టరమ్మా, ఈ అబ్బాయి నా నోట్లో రెండు చుక్కలు వేసి, 'బాగా బలిశావు పానకాలూ' అన్నాడు. నాకేదో తేడాగా ఉంది," అంది.

కొంగ పరుగున వచ్చి గరాటు లాగేసింది. పానకాలుని తలకిందులుగా పట్టించి, తాగిందంతా కక్కించింది.

"పులిని చూసి వాతలు పెట్టుకున్నది మీ వంశమే కదా," అంది. "నీ మూలాన వీరమ్మకి ఒకపూట మందు తప్పింది."

"అడిగితే నేనే ఇచ్చేదాన్ని," అంది వీరమ్మ. "ఆ చేదు గంగాళం ఎవరిక్కావాలి."

పానకాలుకి కడుపు కుదుటపడటానికి వారం పట్టింది. మళ్ళీ అవే రెండు చుక్కలు, ఈసారి నోరు మూసుకుని మింగాడు. నెల తిరిగేసరికి గడ్డ కరిగి కుంకుడుగింజంతైంది. తోక మాత్రం ఇంకా బోడిగానే ఉంది.

పొరుగింటి పుల్లకూర రుచైతే కావచ్చు గానీ, పొరుగువాడి మందు మన ఒంటికి విషమే.