పక్క సీటు మనిషి

ఆ మొదటి ముద్ద మీద జిలాన్ బాషాకు పదేళ్లుగా ఆశ.

కడప దగ్గర చిన్న దర్గాలో సత్తార్‌షా బాబా ఉండేవారు. ఏటా ఉరుసు రోజున శిష్యులంతా అక్కడ చేరేవారు. అందరిలోకీ దూరం నుంచి వచ్చినవాడు లేచి, దారిలో తనతో వచ్చినవాళ్ల పేర్లు చెప్పాలి. వాళ్ల కోసం బాబా దువా చేసి, అతనికి మొదటి ముద్ద పెడతారు. అతను తిన్నాకే మిగతావాళ్లు తినాలి. జనం నడిచి వచ్చే కాలంలో పుట్టిన పద్ధతి అది.

జిలాన్ కువైట్‌లో ఏసీలు బాగుచేస్తాడు. ఉరుసుకు సెలవు దొరికేది కాదు. ఏటా ఆ ముద్ద హుబ్లీ నుంచి వచ్చే పెద్దాయనకే దక్కేది. ఈసారి సెలవు దొరికింది.

"ఎవరు నాయనా, దూరం నుంచి వచ్చినారు?" అని బాబా అడగ్గానే జిలాన్ లేచి నిలబడ్డాడు.

"నేను బాబా. కువైట్ ఎయిర్‌పోర్టు నుంచి హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు మూడువేల మూడు వందల డెబ్భై కిలోమీటర్లు. గాల్లో నాలుగు గంటల నలభై నిమిషాలు. అంతసేపూ కండ్లు మూసుకొని, అల్లా పేరు తప్ప ఇంకో మాట లేకుండా వచ్చినా."

హుబ్లీ పెద్దాయన నవ్వుతూ పక్కకు జరిగి చోటిచ్చాడు.

"సంతోషం. నీతో ఎవరొచ్చినారు?"

"ఎవరూ లేరు బాబా. ఒక్కణ్ణే."

"ఒక్కని కోసం అంత విమానం లేపినారా?"

అందరూ నవ్వారు. జిలాన్ కూడా నవ్వాడు.

"విమానం నిండుగానే ఉండె బాబా. నా పక్క సీట్లో ఒక ఆడమనిషి. అక్కడ ఇండ్లల్లో పని చేసే ఆమె అనుకుంటా."

"ఏమన్నా మాట్లాడెనా?"

"'ఇంకెంతసేపు పడుతుందన్నా' అని అడిగె. మూడుసార్లు అడిగె."

"నువ్వేం చెప్తివి?"

జిలాన్ తల వంచుకున్నాడు.

"కండ్లు తెరవలే బాబా."

బాబా కోప్పడి ఉంటే అతనికి కాస్త సుఖంగా ఉండేది. ఆయన ఊరికే చూస్తూ కూర్చున్నారు. దాచి లాభం లేదని జిలాన్‌కే అనిపించింది.

"ఆమె మొగుడు చనిపోయినాడంట. విమానంలో పనిచేసే పాపతో చెప్తా ఉంటే విన్నా. తను చేరేదాకా మట్టి చెయ్యొద్దని ఫోన్‌లో బతిమాలుకొని బయల్దేరిందంట."

కిలోమీటర్లు, గంటలు, నిమిషాలు అన్నీ ఆ రోజు అతనికి నోటికి వచ్చు. ఇక్కడ అప్పజెప్పాలని దారి పొడుగునా వల్లెవేసుకున్నాడు కూడా. ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు. సిగ్గుతో చితికిపోయాడు.

"ఆమె పేరేంది?"

"అడగలే బాబా."

"సీటు నంబరు?"

"ఇరవై రెండు ఏ."

బాబా రెండు చేతులూ పైకెత్తారు. "యా అల్లా, ఇరవై రెండు ఏ లో వచ్చిన బిడ్డకు మొగుని కడసారి చూపు దక్కి ఉండాల."

అందరూ ఆమీన్ అన్నారు.

బాబా మొదటి ముద్ద తీసి అతని చేతిలో పెట్టారు.

"నాకొద్దు బాబా. హుబ్లీ పెద్దాయనకియ్యండి."

"తిను నాయనా," అన్నారు బాబా మెల్లగా. "చానా దూరం నుంచి వచ్చినావు."