మందారం నేలకిచ్చిన వాసన

ఒకప్పుడు మందారం పువ్వు తెల్లగా, చిక్కుడు గింజంత ఉండేది. కానీ దాని వాసనో? అబ్బో! మల్లెలూ సంపెంగలూ దాని ముందు తల దించుకోవాల్సిందే. పొద్దున్నే పూసిందంటే ఆ వాసన కొండెక్కి, అవతల పక్కకి దిగేది.

అప్పట్లో లోకం మొత్తానికీ మందార చెట్టు ఒక్కటే. కొండ కింద ఎర్రనేలలో, సుంకులవ్వ గుడిసె ముందు ఉండేది.

సుంకులవ్వకి చూపు మసక. ఎదురుగా ఉన్నది మనిషో మానో తెలిసేది కాదు. అయినా రోజూ ఒంటరిగా కొండెక్కి చీపురుగడ్డి కోసుకొచ్చేది.

"దారెట్లా తెలుస్తుంది అత్తా?" అని పక్కింటి నాగి అడిగితే, "కళ్ళు పోతే పోయాయి, ముక్కుంది కదే!" అనేది. మందారం వాసన ఎటునుంచి వస్తే అటు నడిచేది. నేరుగా గుడిసె ముందు తేలేది.

ఒకరోజు ఆ వాసన సన్నగా, తెగి తెగి వచ్చింది. అవ్వ రాళ్ళకు తట్టుకుంటూ, ముళ్ళలో పడుతూ ఇల్లు చేరేసరికి పొద్దు గూకింది. చెయ్యి చాపి చెట్టు కోసం తడిమింది. చెట్టు లేదు! వేళ్ళతో సహా లేచి, చీలిపోయి నేల మీద పడి ఉంది.

"ఎవరే నా చెట్టు జోలికొచ్చింది?" అని అవ్వ అరిచింది.

"నేనే అవ్వా," అంది నాగి మేక. దాని మెడలో తెగిన తాడు వేలాడుతోంది. "అంత కమ్మటి వాసనొస్తే నోరెట్లా ఆగుతుంది? తప్పు సగం నాది, సగం దానిది."

"మేసింది కాక మాటలొకటా!" అని నాగి దాని చెవి మెలేసింది. తర్వాత మెల్లగా, "వేళ్ళన్నీ చితికిపోయాయి, మూడు పుల్లలే మిగిలాయి అత్తా. వేరు లేని పుల్ల ఎక్కడైనా బతుకుతుందా? పొయ్యిలో పెట్టుకో," అంది.

"నా చెట్టు నా పొయ్యిలోకా? పోవే!" అంది అవ్వ.

మొదటి పుల్లని ఆకులతో, పూలతో సహా నేలలో గుచ్చింది. వాటిని తుంచడానికి చేతులు రాలేదు మరి. ఉన్న తడంతా ఆకులే తాగేశాయి. మర్నాటి మధ్యాహ్నానికి పుల్ల వాడి వేలాడిపోయింది.

రెండో పుల్లకి ఆకులు తీసేసింది. ఎండకి ఆరిపోకుండా పై కొసన పేడముద్ద పెట్టింది. అంతవరకు బాగానే ఉంది. కానీ అవ్వ మనసు ఆగితే కదా! రోజూ లేవగానే పుల్లని పీకడం, "వేరొచ్చిందా?" అని అడుగు తడమడం, మళ్ళీ గుచ్చడం. నాలుగో రోజుకి బెరడు చేతికి ఊడొచ్చింది.

ఇక మిగిలింది ఒక్కటే. అది పోతే లోకంలో మందారమే లేదు.

అవ్వ దాన్ని రెండు చేతులా పట్టుకుని నేల మీద కూలబడింది. "నేలతల్లీ, నువ్వే దిక్కు," అంది.

"సుంకులూ," అంది నేల. "విత్తనమైతే వేరుని కడుపులో పెట్టుకుని వస్తుంది. ఇది ఉత్త చేతులతో వచ్చింది. ఉన్న సత్తువంతా వాసన చెయ్యడానికే పోతోంది. ఆ వాసన నాకిచ్చేస్తే, ఆ సత్తువతో వేరు పోసుకుంటుంది."

"ఇవ్వను," అంది పుల్ల. దాని గొంతు అప్పటికే వాడిపోయింది. "నా వాసన పోతే అవ్వ ఇంటికెట్లా వస్తుంది?"

"ఓసి పిచ్చిదానా! నువ్వే లేకపోతే వాసన మాత్రం ఉంటుందా? నా దారి నేను వెతుక్కుంటా. ముందు నువ్వు బతుకు."

పుల్ల ఒక్క నిట్టూర్పు విడిచింది. వాసనంతా నేలలోకి ఇంకిపోయింది.

"ఊరికే పుచ్చుకునేదాన్ని కాదు నేను. ఏమిస్తానో తర్వాత తెలుస్తుంది," అంది నేల. "ఒక్క మాట విను. వేరు చీకట్లో పుడుతుంది. పీకి చూశావో, ఇక నా వల్ల కాదు."

అవ్వ పుల్లని గుచ్చి, పేడముద్ద పెట్టి నాగిని పిలిచింది. "దీని చుట్టూ ముళ్ళకంప కట్టవే. చెయ్యి దూరకూడదు."

"నా మేకని ఇప్పుడు గట్టిగానే కట్టేశా కదత్తా!"

"మేక కోసం కాదే. నా కోసం!"

పది రోజులు గడిచాయి. ఇంకో పది గడిచాయి. అవ్వ చేతులు ఒకటే దురద. రెండుసార్లు కంపలో చెయ్యి పెట్టింది. రెండుసార్లూ ముళ్ళు గుచ్చుకుని, "అబ్బా!" అని వెనక్కి తీసుకుంది.

ఒక పొద్దున కంప సందులోంచి చూసి నాగి గట్టిగా కేక పెట్టింది. "అత్తా! పిచ్చుక నాలికంత ఆకు!"

"హమ్మయ్య!" అంది అవ్వ. నవ్విందో ఏడ్చిందో ఎవరికీ తెలియలేదు.

మొక్క చెట్టయింది. మళ్ళీ ఎండాకాలం చివరికొచ్చింది. అన్నాళ్ళూ నాగి చెయ్యి పట్టుకుని కొండెక్కిన అవ్వకి విసుగొచ్చింది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఒక్కతే బయల్దేరింది. మొండిది కదా!

గడ్డి కోసి మోపు కట్టేసరికి మబ్బేసింది. టప్ టప్‌మని తొలకరి చినుకులు పడ్డాయి. ఉన్నట్టుండి గుప్పున వాసన!

"నా మందారమే!" అంది అవ్వ సంబరంగా. కానీ ఆ వాసన ముందునుంచీ వస్తోంది, వెనకనుంచీ వస్తోంది. చినుకు పడ్డ నేలంతా అదే వాసన. ఎటని నడవాలి? అవ్వ "తల్లీ, ఇల్లెటు?" అని చుట్టూ తిరిగి చూసింది.

కొండ కింద, ఆ మసకలో, ఎర్రగా ఒక చుక్క కనపడింది.

అవ్వ అటు నడిచింది. చుక్క గోరంతైంది, గోరంత అరచేయంతైంది. చెయ్యి చాపితే తడిసిన రేకులు తగిలాయి. మందారం పూసింది, అరచేయంత పువ్వు! దానికి నేల తన రంగే ఇచ్చింది.

"అవ్వా, వాసన వస్తోందా?" అని మందారం భయపడుతూ అడిగింది.

అవ్వ ముక్కు ఆనించి చూసింది. "రావట్లేదే. అయితే ఏం? ఇన్నేళ్ళూ నిన్ను వాసన చూశా. ఇవాళ కళ్ళారా చూశా!"

అప్పుడే నాగి పరుగెత్తుకొచ్చింది. "ఒక్కదానివే వచ్చావా అత్తా! నా ప్రాణం లేచొచ్చింది!"

"అవ్వా, నాగికో కొమ్మ విరిచియ్యి," అంది మందారం. "ఇక విరిగితే నాకేం భయం?"

అప్పటినుంచే మందారం అరచేయంత ఎర్రగా పూస్తోంది, దానికి వాసన లేదు. అప్పటినుంచే దాని పుల్ల విరిచి గుచ్చినా బతుకుతోంది, పీకి చూడకపోతే. దాని వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. తొలకరి చినుకు పడగానే, నేల దాన్ని ఇప్పటికీ ఒక్కసారి బయటికి తీసి అందరికీ చూపిస్తుంది.